గీత తగ్గని ఏడాది

బచ్చన్నపేటకు మూడు మైళ్ల అవతల, ఎర్ర చెలకల నడుమ, ఆముదాలు కూడా సరిగా కాయని పడావు భూమి ఒకటి ఉండేది. 1971 ఎండాకాలంలో ఆ భూమిలో వరసలు వరసలుగా కర్రలు పాతారు. కర్రల మీద రాగితీగలు లాగి కట్టారు. ఊరివాళ్లు పందిరి అనుకున్నారు, బీరపాదులో కాకరపాదులో పాకిస్తారనుకున్నారు. వానలు పడ్డా ఎవరూ ఒక్క గింజ నాటలేదు. ఒక మూలన రేకుల కప్పుతో చిన్న గది లేచింది. గదిలోకి లారీ బ్యాటరీలు దిగాయి. అప్పటి నుంచి దానికి తీగల చెలక అని పేరు పడిపోయింది.

ఆ భూమి జనగామలో ఉండే ఒక పటేలు కుటుంబానిది. ఆ ఇంటి చిన్నకొడుకు జగపతి హైదరాబాదులో ఫిజిక్సు లెక్చరరు. ఆకాశం నుంచి వచ్చే రేడియో అలలను వినాలంటే చుట్టుపక్కల కరెంటు ఉండకూడదు, మోటార్లు తిరగకూడదు. తన వాటాకు వచ్చిన పనికిరాని భూమి అందుకు సరిగ్గా సరిపోయింది. నెలకు రెండుసార్లు వచ్చి చూసిపోయేవాడు. మిగతా రోజులు అక్కడ ఉండటానికి ఇద్దరు కావలసివచ్చారు. మేకలను అదలించడానికి, గాలికి ఒరిగిన కర్రలు నిలబెట్టడానికి పక్క తండా నుంచి సేవ్యా కుదిరాడు. యంత్రం గీసే గీతలను కొలిచి పుస్తకంలో ఎక్కించడానికి చదువు వచ్చిన మనిషి కావాలి. ఎనిమిదో తరగతిలో బడి మానేసిన బాలనర్సమ్మను పంతులు చూపించాడు. అప్పుడామెకు పదహారేళ్లు.

బడి ఎందుకు మానేశావని జగపతి అడగలేదు. అడిగినా ఆమె చెప్పేది కాదు.

అరవై తొమ్మిదిలో, ప్రత్యేక రాష్ట్రం కావాలని తెలంగాణ అంతా పిల్లలు కాలేజీలు విడిచి రోడ్ల మీదికి వచ్చిన ఆ ఏడు, ఆమె అన్న యాకయ్య జనగామలో పీయూసీ చదువుతున్నాడు. తండ్రి లేని ఇల్లు. తల్లి మైసమ్మ రెండెకరాల చెలక చేసుకుంటూ, కూలికి పోతూ కొడుకును చదివిస్తున్నది. జూన్ నెలలో ఒక మధ్యాహ్నం యాకయ్య ఇంటికి వచ్చి, ఉతికిన చొక్కా ఒకటి సంచిలో పెట్టుకున్నాడు. తల్లి చెలకలో ఉంది.

"పట్నంల పెద్ద ఊరేగింపు ఉన్నది. పొద్దుగూకే రైలుకు పోతున్నం" అన్నాడు చెల్లెలితో. "అవ్వకు చెప్పకు, ఏడుస్తది. మానుకోటల మేనత్త ఇంటికి పోయిండని చెప్పు. రెండొద్దులల్ల వస్త."

మానుకోట అంటే మహబూబాబాద్. మేనత్త అక్కడే ఉంది, యాకయ్య అప్పుడప్పుడు పోయి వస్తుంటాడు. మాట అతికినట్టు సరిపోయింది. బాలనర్సమ్మ తల్లికి అదే చెప్పింది. హైదరాబాదు పట్నంలో కాల్పులని ఊళ్లో గుసగుసలు మొదలైన రోజు కూడా నోరు విప్పలేదు. ఐదో రోజున, అన్న వెంట పోయిన పోచయ్య కుంటుకుంటూ ఒక్కడే తిరిగొచ్చాడు. కాల్పులు మొదలైన సందులో యాకయ్య చెయ్యి తన చేతిలోంచి విడిపోయిందని, మళ్లీ కనబడలేదని చెప్పాడు. అప్పుడు మైసమ్మ ఊరి పెద్దమనుషులు ఇద్దరిని తోలుకొని పోయి దవాఖానలన్నీ తిరిగింది. ఎవరూ అడగడానికి రాని శవాలను అప్పటికే కాల్చేశారని ఒకచోట ఎవరో అన్నారు. వాటిలో యాకయ్య ఉన్నాడో లేడో చెప్పే కాగితం ఎక్కడా దొరకలేదు.

ఐదు రోజులు. మొదటిరోజే చెప్పి ఉంటే అవ్వ మరునాటి రైలుకే పోయేది. కొడుకు ముఖమైనా చూసేది. ఈ లెక్కను బాలనర్సమ్మ రోజూ వేసుకునేది. తనకూ మానుకోటనే చెప్పిపోయాడని ఊరందరి ముందు ఇంకో అబద్ధం ఆడింది. తల్లి దాన్ని నమ్మిందనే అనుకుంది.

తీగల చెలకలో పని జగపతి నెలరోజుల్లో నేర్పాడు. పొడుగాటి కాగితపు చుట్ట మెల్లగా కదులుతుంటే దాని మీద సిరా పెన్ను ఒకటి గీత గీస్తూ పోయేది. ఏమీ లేనప్పుడు గీత సన్నగా వణుకుతూ సాగేది. ఆకాశంలో బలంగా అలలు పంపే చోటు ఏదైనా తీగలకు ఎదురుగా వస్తే పెన్ను పైకెక్కి మళ్లీ దిగేది. గీత మీద ఎద్దు మూపురంలా లేచేది. రోజుకు అలాంటివి రెండు ముఖ్యం. మొదటిది హంస అనే చుక్కల గుంపు దిక్కు నుంచి వచ్చేది. మూడున్నర గంటల తర్వాత రెండోది శర్మిష్ఠ అనే గుంపు దిక్కు నుంచి వచ్చేది.

"హంస దిక్కుది శానా దూరపుది. మన జిందగీల అది మారదు. దాన్ని తూకంరాయి అనుకో" అన్నాడు జగపతి. "రెండోదాన్ని దాంతోని తూచాలె. రెండింటి ఎత్తు కొలిచి రాయి. గంతే నీ పని."

"రెండోది ఏంది సారూ?"

"చచ్చిన నక్షత్రం."

ఆయన కాగితం మీద గుండ్రం గీసి విడమరిచాడు. పెద్ద నక్షత్రం ఒకటి పేలిపోయింది. దాని ఒళ్లంతా తునకలై సెకనుకు వేల మైళ్ల వేగంతో నలుదిక్కులా ఎగిసింది. ఇప్పుడక్కడ ఉన్నది ఒక గుల్ల. గుల్లలో కోట్ల డిగ్రీల వేడి వాయువు ఉంది, చిక్కుపడ్డ దారపుండలాంటి అయస్కాంత బలం ఉంది. ఆ దారాల చుట్టూ ఎలక్ట్రాన్లు ఇంచుమించు వెలుగంత వేగంతో గిరగిర తిరుగుతూ రేడియో అలలు విడుస్తుంటాయి. మనకు అందేది ఆ చప్పుడు. గుల్ల పెద్దదయ్యేకొద్దీ పలచబడుతుంది, దారాల బిగి సడలుతుంది, ఎలక్ట్రాన్ల శక్తి తరుగుతుంది. అందుకని చప్పుడు ఏటేటా నూటికి ఒక వంతు చొప్పున తగ్గుతూ వస్తుంది. ఆ తగ్గుదలను పట్టుకోవడానికే ఈ తీగలు.

"అది పేలినప్పుడు చూసినోళ్లు ఏమన్నరు సారూ?"

"గదే తమాషా. ఆ వెలుగు మనకాడికి వచ్చి మూడు నూర్ల ఏండ్లయి ఉంటది. మేం చూసినమని గట్టిగ రాసిపెట్టినోళ్లు ఎవ్వరు లేరు. నడుమ దుమ్ము అడ్డమొచ్చిందో ఏమో."

బాలనర్సమ్మ కాగితం మీది గుండ్రం మీద వేలు పెట్టింది. "మరి చచ్చిందని ఎట్ల తెలిసింది?"

"పేలినదాని చప్పుడు ఇంక వస్తాంది గద" అని జగపతి సంచీ భుజానికి తగిలించుకొని బస్సుకు వెళ్లిపోయాడు.

రేడియో పనికి చీకటి అక్కర్లేదు. శర్మిష్ఠ మూపురం రోజుకు నాలుగు నిమిషాలు ముందుకు జరుగుతుంది, నెలకు రెండు గంటలు. డిసెంబరులో దీపాలు పెట్టేవేళకు వస్తుంది, జూన్‌లో తెల్లవారే వేళకు. మార్చిలో మాత్రం మిట్టమధ్యాహ్నం. మార్చి అంటేనే బాలనర్సమ్మకు భయం. ఎండకు రేకులు చిటపటలాడుతుండగా, ఒక్క చుక్కా కనబడని తెల్లటి ఆకాశం కింద పెన్ను తనంత తానే పైకి లేచేది. సరిగ్గా ఆ వేళకు వెనక ఎవరో వంగి చూస్తున్నట్టుండేది. చిన్నప్పుడు లెక్కలు చెప్పేటప్పుడు యాకయ్య అలాగే వెనక నిలబడేవాడు. తప్పు చేస్తే గోటితో పలక మీద టకటకమని కొట్టేవాడు. ఆ టకటక ఇప్పుడు చెవిలో వినబడేది. కాగితాన్ని లాగే పళ్లచక్రం చప్పుడని ఆమెకు తెలుసు. తెలిసినా వెనక్కి తిరిగేది కాదు.

ఒక మార్చి మధ్యాహ్నం సేవ్యా గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"లోపట ఎవరున్నరు అక్కా?"

"ఎవ్వరు లేరు. ఏమాయె?"

"మొగగొంతు ఇనబడ్డది. నీ పేరు పిలిచినట్టే అయింది."

యంత్రానికి పరీక్ష కోసం చిన్న స్పీకరు ఉండేది. గాలి బాగా లేని రోజుల్లో దూరదేశపు స్టేషన్ల మాటలు ఏవో దానిలో దూరేవి. అదే అయి ఉంటుందని ఆమె అన్నది. సేవ్యా వెళ్లాక చూస్తే స్పీకరు మీట కిందికే, ఆపేసే ఉంది. ఆ సంగతి అతనికి చెప్పలేదు.

డెబ్బై నాలుగు ఉగాది వెళ్లాక ఊరికి గాజులు అమ్మే మనిషి ఒకడు వచ్చి మైసమ్మ వాకిట్లో కూర్చున్నాడు. భూపాలపల్లి కాడ కట్టె డిపోలో దుంగల మీద నెంబర్లు వేసే గుమస్తాను చూశానని, అచ్చం యాకయ్యేనని చెప్పాడు. మైసమ్మ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. తెల్లారి తల్లీబిడ్డలు జనగామలో రైలెక్కి, హన్మకొండలో బస్సెక్కి, పరకాల మీదుగా మధ్యాహ్నానికి భూపాలపల్లిలో దిగారు. అడవి అప్పుడు రోడ్డు దాకా ఉండేది.

డిపోలో టేకు దుంగలు గుట్టలుగా పడి ఉన్నాయి. చివరి గుట్ట దగ్గర ఒక మనిషి వీపు ఇటు పెట్టి తారుకుంచెతో అంకెలు వేస్తున్నాడు. అదే మెడ. ఒక మోకాలు వంచి, బరువంతా రెండోకాలి మీద వేసి నిలబడే అదే తీరు. మైసమ్మ అక్కడే ఆగిపోయి బిడ్డ చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎంతసేపు అలా నిలబడ్డారో. చివరికి ఆ మనిషే తిరిగాడు. ముఖమంతా అమ్మవారి మచ్చలు, ముప్పై అయిదేళ్లు దాటిన మనిషి.

"ఎవలు కావాలె అవ్వా?" అన్నాడు మెత్తగా.

"ఎవ్వలు లేరు నాయినా. బస్సు ఏడ ఆగుతదో తెల్వక వచ్చినం" అంది మైసమ్మ.

తిరుగుబస్సు పరకాల దగ్గర పడుతుండగా మైసమ్మ అన్నది: "ఎనుక నుంచే చూసి మర్లిపోతే అయిపోవు బిడ్డా. నువ్వన్నా నన్ను గుంజుకపోకపోతివి."

ఆ ఏడే గీత తగ్గలేదు.

హంసను నూరు అనుకుంటే శర్మిష్ఠ మొదటి ఏడు నూట నలభై ఆరు ఉండేది. డెబ్బై మూడు నాటికి జగపతి చెప్పినట్టే నూట నలభై మూడుకు దిగింది. డెబ్బై నాలుగు చివర సగటు తీస్తే నూట నలభై ఏడు వచ్చింది. బాలనర్సమ్మ మూడుసార్లు లెక్క వేసింది. హంస ఎత్తు ఉన్నచోటే ఉంది కాబట్టి యంత్రంలో తేడా లేదు. మిగిలింది తన కన్ను. భూపాలపల్లి నుంచి వచ్చాక అన్న మరీ దగ్గరగా నిలబడుతున్నట్టుంది, కొన్ని రోజులు స్కేలు పట్టుకున్న చెయ్యి తనది కానట్టుండేది. తెలియకుండానే గీతను పైకి కొలుస్తున్నానేమో అని అనుమానపడింది.

రెండురోజులు ఆలోచించి చీపురుకట్ట ఒకటి విప్పింది. డెబ్బై మూడు, డెబ్బై నాలుగు రెండేళ్ల కాగితాలనూ కలగాపులగం చేసి, తేదీలు కనబడకుండా మడిచి, వెనక పెన్సిలుతో గుర్తు నెంబరు వేసింది. సేవ్యాను పిలిచి కూర్చోబెట్టింది.

"కింది గీత కాడికెల్లి మూపురం కొస దాక పుల్ల పెట్టు. సరిగ్గ అంతకే తెంచు. ఒక్కో కాగితానికి రెండు పుల్లలు, కలిపి దారం కట్టు."

"ఇదేం ఆట అక్కా?"

"ఆట గాదు. నా కండ్ల మీద నాకే నమ్మకం పోయింది. ఏది ఏ ఏడుదో నీకు తెల్వది గద. నీ చెయ్యి అబద్ధమాడది."

సేవ్యాకు అక్షరం రాదు. తీగలు కట్టి కట్టి చేతికి మాత్రం గొప్ప నిదానం వచ్చింది. ఇరవై రోజులు పుల్లలు తెంచాడు. జతలు జతలుగా కట్టిన ఆ పుల్లలను బాలనర్సమ్మ కొలిచి, ఆ తర్వాతే మడతలు విప్పి తేదీలు చూసింది. డెబ్బై నాలుగో ఏటి జతల్లో శర్మిష్ఠ పుల్లలు పొడుగే ఉన్నాయి.

జగపతి వచ్చి పుస్తకం చూసి కళ్లద్దాలు తీశాడు.

"ఇది కాదమ్మా. గుల్ల పలచగైతాంది, చప్పుడు తగ్గాలె. చచ్చినదాని గొంతు పెరుగుడేంది? నీ పరేషాన్ల నువ్వుండి తప్పు కొలిచినవ్."

ఆమె పుల్లల కట్టలు తెచ్చి ఆయన ముందు పెట్టి ఎలా చేసిందీ చెప్పింది. ఆయన ఒక్కొక్క జతా చేతిలోకి తీసుకొని చూశాడు. గడప దగ్గర నుంచి సేవ్యా అన్నాడు: "నెగడు ఆరిపోతుంటది సారూ. నడుమ ఒక మొద్దు కూలిందనుకో, ఒక్కపారి రవ్వలు లేస్తయి. గట్లనే ఏమన్న అయిందేమో."

జగపతి నవ్వలేదు. పుల్లలు కింద పెట్టి అన్నాడు: "ఇది ఇట్లనే పంపితే నన్ను పిచ్చోడంటరు. మరీ ఎత్తు లేచిన రోజులు ఒక ముప్పై తీసేయి. సగటు చక్కగైతది."

"తియ్య సారూ."

"ఏంది?"

"ఒక్కపారి అబద్ధమాడిన. దాంతోనే సస్తున్న. మల్ల అబద్ధం ఆడ. మీరే తీసుకోండ్రి, నా చేత్తోని మాత్రం కొట్టెయ్య."

ఏ అబద్ధమని ఆయన అడగలేదు. కాగితాలు, పుస్తకం చుట్టి పట్టుకుపోయాడు. పని నుంచి తీసేస్తాడని ఆమె అనుకుంది. తీసెయ్యలేదు. ఆ ఏటి లెక్క గురించి మాత్రం మళ్లీ మాట్లాడలేదు.

నాలుగేళ్లు గడిచాయి. డెబ్బై ఎనిమిదిలో జగపతి ఎప్పుడూ రాని రోజున వచ్చాడు, చేతిలో ఇంగ్లీషు పత్రిక. ఎక్కడో దూరదేశంలో పెద్ద తీగలతో వింటున్నవాళ్లు కూడా, ఆ పొడుగు అలల మీదే, ఆ చప్పుడు అనుకున్నంత తగ్గలేదని, పైగా పెరిగిందని రాశారు. ఎందుకో వాళ్లకూ తెలియదు. కొందరు నమ్మడం లేదు కూడా.

"మనకాడ అప్పుడే ఉండె" అన్నాడు ఆయన, గోడకేసి చూస్తూ. "నా బీరువాల పెట్టుకొని కూసున్న. ఆ ఏడే పంపితే అయిపోవు. నువ్వు చెప్పినంక కూడ నేను చెప్పకపోతిని."

బాలనర్సమ్మ గది తలుపు వేసి తిన్నగా ఇంటికి నడిచింది. మైసమ్మ వాకిట్లో కూర్చుని ఆముదాలు ఒలుస్తున్నది. ఆమె ఎదురుగా కూలబడి, ఆ జూన్ మధ్యాహ్నం నుంచి ఐదో రోజు దాకా ఒక్కటీ దాచకుండా చెప్పేసింది. మైసమ్మ చేతులు ఆగలేదు. బిడ్డ మాట అయిపోయాక చేటను పక్కకు పెట్టింది.

"నాకు మూడోనాడే తెలిసింది."

"ఏంది అవ్వా?"

"జనగామ అంగట్ల మీ మేనత్త కలిసింది. యాకయ్య ఎట్ల సదువుతున్నడు, మా దిక్కు వచ్చి నెలరోజులాయె అని నన్నే అడిగింది."

బాలనర్సమ్మ తల్లి ముఖంలోకి చూసింది. "మరి నన్ను అడగకపోతివి?"

"అడిగితే నువ్వు చెప్తవు. చెప్తే నేను పోవాలె. పోతే ఏడ చూడాలె? దవాఖానల చూడాలె. చూడకుంటే నా కొడుకు ఏడనో ఒకకాడ తిరుగుతనే ఉన్నట్టు." మైసమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. "రెండొద్దులు నేను గూడ కూసున్న బిడ్డా. నీవి ఐదొద్దులు. నావి రెండు."

ఇద్దరూ ఏడవలేదు. అన్నం వండుకుని తిన్నారు. ఆ నెలలోనే పోచయ్యను పిలిపించి, చెయ్యి విడిపోయిన ఆ దినాన్నే చావు దినంగా లెక్కపెట్టి, తొమ్మిదేళ్లుగా చెయ్యని కర్మ చేశారు. దానితో అంతా తేలికైపోతుందని బాలనర్సమ్మ ఆశపడింది. మరుసటి మార్చిలో మిట్టమధ్యాహ్నం పెన్ను లేచినప్పుడు మొదటిసారి ధైర్యం చేసి వెనక్కి తిరిగింది. రేకుల సందుల నుంచి పడ్డ ఎండ చారలు తప్ప ఏమీ లేవు. అన్న నిలబడతాడనుకున్న చోట అంత ఖాళీ ఉంటుందని ఆమె అనుకోలేదు. ఆ రోజు కొలత వణికింది. వణికిందనే పుస్తకంలో రాసింది.

ఎనభైలో ఊరికి కరెంటు స్తంభాలు వచ్చాయి. బావుల మీద మోటార్లు ఎక్కాయి, మైసమ్మ చెలకకు కూడా పక్క బావి నుంచి నీళ్లు వచ్చాయి. మోటారు తిరిగినంతసేపు పెన్ను పిచ్చిపట్టినట్టు కొట్టుకుని కాగితమంతా నల్లటి పట్టీ చేసేది. హంసా లేదు, శర్మిష్ఠా లేదు. జగపతి రెండుమూడు నెలలు చూసి, మనుషులకు నీళ్లు వద్దనలేం కదా అని తీగలు విప్పించాడు. కర్రలు సేవ్యా తండాకు తోలుకుపోయాడు.

బాలనర్సమ్మకు లింగాల ఘనపూర్‌లో అంగన్‌వాడీ పని దొరికింది. అక్కడి పోస్టుమ్యాన్‌ను పెళ్లి చేసుకుని, తల్లిని తన దగ్గరికే తెచ్చుకుంది. ఏం కావాలని జగపతి అడిగితే ఒక్కటే కోరింది: ఆ లెక్క ఎవరు తీసినా, ఏడాదికి ఒకసారి తనకు తెలపాలని. ఆయన మాట తప్పలేదు. ఏటా ఒక పోస్టుకార్డు వచ్చేది. రెండే వాక్యాలు: ఫలానా చోట కొలిచారు, ఇంత తగ్గింది.

ఎనభై ఆరులో వచ్చిన కార్డును ఆమె మంచం పక్కన నిలబడి చదివి వినిపించింది. అప్పటికి మైసమ్మకు చూపు సన్నగిల్లింది.

"ఇంకెన్నేండ్లు ఇనబడతదట అది?"

"శానా ఏండ్లు అవ్వా. మనమందరం పోయినంక గూడ."

మైసమ్మ చెయ్యి చాచి కార్డు తీసుకుంది.

"అన్నేండ్లు ఎవరు కూసుంటరు బిడ్డా, ఇనుకుంట?" అని అటు ఒత్తిగిలింది.